పిల్లలకు కుందేలా, గినీ పిగ్గా? తెచ్చుకునే ముందు చూసుకోవాల్సినవి

"మనమూ ఒక కుందేలు పిల్లను తెచ్చుకుందాం" అని పిల్లలు అడిగినప్పుడు, వాళ్ల మనసులో ఉన్నదేమిటో ఒకసారి కనిపెట్టి చూడండి. చాలాసార్లు అది కుందేలు మీద కోరిక కాదు. మెత్తగా, వెచ్చగా ఉండేదాన్ని ఒళ్లో పెట్టుకుని నిమరాలన్న కోరిక. చిక్కు అక్కడే మొదలవుతుంది. చూడ్డానికి అంత మెత్తగా ఉండే కుందేలుకు ఎవరైనా ఎత్తుకుంటే అస్సలు నచ్చదు.

మా ఇంటికి మొదట వచ్చినవి కుందేళ్లే. వచ్చిన వారంలోనే మా అమ్మాయి ఒకదాన్ని ముందుకాళ్ల కింద చేతులు పెట్టి పైకెత్తింది. అది వెనక్కాళ్లతో తన్ని, ముంజేతి మీద రెండు గీతలు గీసి, కిందికి దూకి మంచం కిందికి దూరింది. సాయంత్రం దాకా బయటికి రాలేదు. చేతి మంట తగ్గాక కూడా పిల్ల ఏడుపు ఆగలేదు. "దానికి నేనంటే ఇష్టం లేదు" అన్నదే తన బాధ. ఆ రోజు తప్పు పిల్లదీ కాదు, కుందేలుదీ కాదు. దాని స్వభావం తెలుసుకోకుండా తెచ్చిన పెద్దవాళ్లం మాది. తర్వాత కొన్నేళ్లకు గినీ పిగ్‌లు (ఎలుక జాతికి చెందిన, తోక లేని చిన్న పెంపుడు జంతువులు) కూడా మా ఇంట్లో పెరిగాయి. రెండింటినీ దగ్గరగా చూశాక నాకు అర్థమైనదే ఇక్కడ రాస్తున్నాను.

ఎత్తుకోవడం దగ్గరే అసలు తేడా

కుందేలు వేటాడే జంతువు కాదు, వేటకు దొరికే జంతువు. అడవిలో దాన్ని నేల మీంచి పైకి లేపేవి గద్దలూ నక్కలే. కాబట్టి కాళ్లు నేలను వదలగానే ప్రాణం పోతుందన్నంత భయం దానికి పుట్టుకతోనే ఉంటుంది. దాని శరీరం తీరు కూడా ఈ భయాన్ని ప్రమాదంగా మారుస్తుంది. కుందేలు ఎముకలు చాలా తేలిక: ఒంటి బరువులో సుమారు 7–8 శాతమే. పిల్లిలో 12–13 శాతం దాకా ఉంటాయి. వెనక్కాళ్ల కండరాలు మాత్రం చాలా బలమైనవి. పట్టు సరిగ్గా లేనప్పుడు అది గింజుకుని గట్టిగా తన్నితే, ఆ తన్నుకే దాని నడుము ఎముక విరిగి వెనక్కాళ్లు చచ్చుబడవచ్చు. కింద పడనక్కర్లేదు, చేతుల్లో ఉండగానే జరగవచ్చు.

ఇంకో సంగతి. కుందేలును వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా బిగుసుకుపోతుంది. హాయిగా నిద్రపోతోందని అనుకుని చాలామంది ముచ్చటపడతారు. నిజానికి అది తప్పించుకునే దారి లేక చచ్చినట్టు పడుండటం. పిల్లల చేత ఆ పని ఎప్పుడూ చేయించకండి.

గినీ పిగ్ కూడా వేటకు దొరికే జంతువే. అదీ భయపడుతుంది. అయితే దాని భయం వేరు. చెయ్యి దగ్గరికి రాగానే పరుగెత్తి దాక్కోవాలని చూస్తుంది, లేదంటే అక్కడే కొయ్యబారిపోతుంది. గోళ్లతో గీరడం, కుందేలంత బలంగా తన్నడం ఉండవు. కరవడం కూడా అరుదే. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి పిర్రల కింద వేసి దగ్గరగా పట్టుకుంటే, నాలుగైదు వారాల్లో చాలావాటికి ఒడి అలవాటవుతుంది. ఒళ్లో తువ్వాలు పరిచి, దాని మీద కూర్చోబెట్టి, కొత్తిమీర కాడ అందిస్తే నములుతూ కూర్చుంటుంది. పిల్లలు కలగన్నది ఇదే కదా. ఒక్క జాగ్రత్త: దానికి ఎత్తు అంచనా తెలియదు, ఒళ్లోంచి దూకితే కాళ్లు విరుగుతాయి. పిల్లలు ఎప్పుడూ నేల మీద కూర్చునే పట్టుకోవాలి, సోఫా మీద కాదు.

మరి కుందేలు దగ్గరవ్వదా అంటే, తప్పకుండా అవుతుంది. కాకపోతే అదే రావాలి. మా అమ్మాయి ఆ సంఘటన తర్వాత రోజూ నేల మీద బోర్లా పడుకుని కథల పుస్తకం చదువుకునేది, కుందేలు వంక చూడకుండా. పది పన్నెండు రోజులకు అది వచ్చి తన పాదానికి గడ్డం రుద్దింది. కుందేలు గడ్డం కింద వాసన గ్రంథులుంటాయి. ఒకదానికి గడ్డం రుద్దితే "ఇది నాది" అని గుర్తు పెట్టుకున్నట్టు. ఆ రోజు పిల్ల ముఖంలో చూసిన సంతోషం ఏ ఒడి ముచ్చటకూ తీసిపోదు. అంత ఓపిక ఉన్న పిల్లలకు కుందేలు బాగా నప్పుతుంది. ఆరేళ్ల పిల్లల నుంచి అంత ఓపిక ఆశించడం మాత్రం అన్యాయం.

ఎన్నేళ్ల మాట ఇది

బాగా చూసుకుంటే కుందేలు 8 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది. గినీ పిగ్ 5 నుంచి 8 ఏళ్లు. ఈ అంకెలను మీ పిల్లల వయసుకు కలిపి చూడండి. ఎనిమిదేళ్ల పిల్లకు ఇవాళ కుందేలు తెస్తే, ఆ పిల్ల పై చదువులకు ఇల్లు వదిలేనాటికి అది ఇంకా ఉండవచ్చు. అప్పుడు దాన్ని చూసుకునేది మీరే. గినీ పిగ్ అయితే పిల్లలు పద్నాలుగు పదిహేనేళ్ల వాళ్లయ్యేసరికే వెళ్లిపోవచ్చు. ఆ దుఃఖానికి కూడా సిద్ధంగా ఉండాలి. రెండింటిలో ఏది తేలిక అని నేను చెప్పలేను.

రోజులో మెలకువగా ఉండే వేళలు కూడా చూసుకోండి. కుందేళ్లు తెల్లవారుజామున, సంధ్య వేళ చురుగ్గా ఉండి, పగలు ఎక్కువగా కునుకు తీస్తాయి. బడి నుంచి రాగానే ఆడుకోవాలనుకునే పిల్లలకు అది నిద్ర వేళ. గినీ పిగ్‌లు పగలూ రాత్రీ కొంచెం కొంచెంగా నిద్రపోతూ లేస్తూ ఉంటాయి కాబట్టి, ఎప్పుడు వెళ్లినా కాసేపటికి పలకరింపు దొరుకుతుంది. అది నిజంగానే పలకరింపు. ఫ్రిజ్ తలుపు చప్పుడో, ఆకుకూరల కవరు గరగరలో వినగానే "వీక్ వీక్" అని ఇల్లు అదిరేలా పిలుస్తాయి. కుందేలు దాదాపు మౌనమే. ప్రమాదం తోస్తే వెనక్కాలితో నేలను ధన్‌మని కొడుతుంది, సంతోషం వస్తే గాల్లోకి ఎగిరి ఒళ్లు మెలి తిప్పుతుంది. ఆ భాష నేర్చుకోవడానికి చూపు కావాలి. గినీ పిగ్ భాషకు చెవులు చాలు.

ఒక్కటి కాదు, రెండు

దయచేసి ఒంటరిగా ఒక్కదాన్నే తేకండి. రెండూ గుంపుగా బతికే జాతులు. మనం ఎంత ముద్దు చేసినా మన మాటలు వాటి భాష కాదు, రాత్రంతా పక్కన పడుకునేది మనం కాదు. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి గినీ పిగ్‌ను ఒంటరిగా పెంచకూడదని చట్టంలోనే ఉంది. ఆ నిబంధన ఎక్కడ ఉన్నా లేకపోయినా అవసరం మాత్రం ఒకటే.

"అయితే ఒక కుందేలు, ఒక గినీ పిగ్ తెచ్చి కలిపి ఉంచుదాం, రెండు కోరికలూ తీరతాయి" అనే ఆలోచన చాలా ఇళ్లలో వస్తుంది. అది పనికిరాదు. కుందేలు సరదాగా తన్నినా చిన్న గినీ పిగ్‌కు ప్రాణం మీదికి వస్తుంది. పైగా కుందేళ్లలో పెద్దగా లక్షణాలేవీ చూపకుండా ఉండే బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా గినీ పిగ్‌కు సోకితే న్యుమోనియా తెస్తుంది. తిండి అవసరాలు వేరు, భాష వేరు. ఇద్దరు ఒంటరివాళ్లను ఒక గదిలో పెట్టినట్టే అవుతుంది.

జత కుదర్చడంలో గినీ పిగ్‌లు తేలిక. రెండు ఆడవి సాధారణంగా సర్దుకుపోతాయి. కలిసి పెరిగిన రెండు మగవి కూడా చోటు బాగా ఉంటే, దగ్గరలో ఆడది లేకపోతే కలిసి ఉండగలవు. కుందేళ్ల విషయంలో ఓపిక కావాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన ఒక మగది, ఒక ఆడది బాగా నప్పే జోడీ. ఆపరేషన్ లేకుండా రెండు మగవాటిని కలిపితే ఒకదాన్నొకటి తీవ్రంగా గాయపరచుకుంటాయి. కొత్తవాటిని ఒకేసారి కలపకుండా, పక్కపక్క బోనుల్లో కొన్ని రోజులు ఉంచి, తర్వాత రెండింటికీ కొత్తదైన చోట కాసేపు కాసేపుగా కలపాలి.

ఆపరేషన్ మాట వచ్చింది కాబట్టి: ఆడ కుందేలుకు అది పిల్లలు పుట్టకుండా ఉండటానికే కాదు. ఆపరేషన్ కాని ఆడ కుందేళ్లలో నాలుగైదేళ్లు దాటాక గర్భాశయ క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది. నాలుగు నుంచి ఆరు నెలల వయసులో చేయిస్తారు. మగదానికి ఆపరేషన్ అయిన తర్వాత కూడా కొన్ని వారాల పాటు పిల్లలు పుట్టే అవకాశం ఉంటుంది కాబట్టి వెంటనే ఆడదానితో కలపకూడదు.

అమ్మేవాళ్లు ఆడా మగా చెప్పడంలో పొరబడటం మామూలే. కుందేలు సుమారు 31 రోజులకే ఈనుతుంది, ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. గినీ పిగ్‌కు రెండు నెలల పైన, 59 నుంచి 72 రోజుల వరకు పడుతుంది. దాని పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్లతో, పళ్లతో పుట్టి మొదటి రోజు నుంచే గడ్డి కొరుకుతాయి. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉన్నా ఆశపడకండి. ఆరేడు నెలలు దాటిన ఆడ గినీ పిగ్‌కు అదే తొలి కాన్పయితే కటి ఎముకలు విచ్చుకోక తల్లి ప్రాణానికే ముప్పు. ఇంటికి తెచ్చిన వారంలోనే డాక్టర్ చేత ఆడా మగా నిర్ధారించుకోండి. గినీ పిగ్‌కు మగ పిల్లలు పుడితే వాటిని మూడు వారాలకే తల్లి నుంచి వేరు చేయాలి.

చోటు, శుభ్రం

ఇక్కడ లెక్క సూటిగా ఉంటుంది. రెండు కుందేళ్లకు మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, అవి వెనక్కాళ్ల మీద నిటారుగా నిలబడగలిగేంత ఎత్తు ఉన్న చోటు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. రాత్రి బోనులో, పగలు అరగంట బయట అనే పద్ధతి వాటికి చాలదు. రెండు గినీ పిగ్‌లకు కనీసం 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు. ఇంకా పెద్దదైతే ఇంకా మంచిది. అవి ఎక్కలేవు, పెద్దగా ఎగరలేవు కాబట్టి మోకాలెత్తు గోడలున్న ఆవరణ చాలు. అంతస్తుల బోను ఎత్తుగా కనిపిస్తుంది కానీ వాటికి కావాల్సింది పరుగెత్తే నేల. తీగల నేల ఉన్న బోను రెండింటికీ వద్దు. కుందేలు పాదానికి మెత్తలు ఉండవు, బొచ్చే ఉంటుంది; గినీ పిగ్ పాదం చర్మం పలచన. తీగల మీద నిలబడితే పుండ్లు పడతాయి.

ఇల్లంతా తిరగనిచ్చే పని అయితే కుందేలు పళ్లను గుర్తుంచుకోండి. అందిన కరెంటు వైరునల్లా కొరుకుతుంది. తివాచీ అంచులు, చెక్క సామాను కాళ్లు కూడా అంతే.

శుభ్రం విషయంలో మాత్రం కుందేలుదే పైచేయి. అది సహజంగానే ఒక మూల ఎంచుకుని అక్కడే మూత్రం పోస్తుంది. ఆ మూలలో ట్రే పెట్టి, దాంట్లో ఎండుగడ్డి వేస్తే తింటూనే పని కానిస్తుంది. ఆపరేషన్ అయ్యాక ఈ అలవాటు ఇంకా గట్టిపడుతుంది. గినీ పిగ్ నడిచినచోటల్లా రాలుస్తూనే ఉంటుంది. రోజూ ఏరాలి, తడి గుడ్డలు మార్చాలి. ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారన్నది తెచ్చే ముందే తేల్చుకోవాలి. పిల్లలు చేస్తామని మాట ఇస్తారు, మనస్ఫూర్తిగానే ఇస్తారు. పరీక్షలొస్తాయి, జ్వరాలొస్తాయి. పెద్దవాళ్లలో ఒకరు "ఇది నా పని" అనుకోకపోతే ఏదీ తేవద్దు.

తిండిలో ఎండుగడ్డే అన్నం

బొమ్మల పుస్తకాల్లో కుందేలు చేతిలో ఎప్పుడూ క్యారెట్టే ఉంటుంది. నిజానికి క్యారెట్‌లో చక్కెర ఎక్కువ, అప్పుడప్పుడు చిన్న ముక్క చాలు. కుందేలు అయినా గినీ పిగ్ అయినా తిండిలో పదింట ఎనిమిది వంతులకు పైగా ఎండుగడ్డి ఉండాలి. వాటి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పొడవాటి గడ్డిని గంటల తరబడి అడ్డంగా నమిలితేనే అరుగుతాయి. అరగకపోతే దవడ పళ్లు సూదుల్లా పెరిగి నాలుకను, బుగ్గలను కోస్తాయి. నొప్పికి తినడం మానేస్తాయి. తినడం మానేస్తే పేగుల కదలిక ఆగిపోతుంది. మొదటి తప్పు గడ్డి దగ్గర చేస్తే చివరికి పొట్ట దగ్గర తేలుతుంది.

తిమోతి లాంటి మామూలు గడ్డి రకాలు పెద్దవాటికి మంచివి. ఆల్ఫాల్ఫా అనే మేతలో కాల్షియం ఎక్కువ కాబట్టి ఎదిగే పిల్లలకూ, చూలువాటికీ తప్ప రోజూ పెట్టకండి, మూత్రంలో రాళ్లు వస్తాయి. రంగురంగుల గింజలు కలిపిన మిశ్రమాలు కొనకండి. తీపివి ఏరుకు తిని మిగతావి వదిలేస్తాయి. ఒకే ఆకారంలో ఉండే పెల్లెట్లు (మేతను నొక్కి చేసిన గుళికలు) మేలు. అవి కూడా కుందేలుకు ఒంటి బరువు కిలోకు రోజుకు 25 గ్రాములు మించకుండా. ఉల్లి, వెల్లుల్లి, అవకాడో, బంగాళాదుంప ఆకులు, చాక్లెట్ రెండింటికీ విషమే.

గినీ పిగ్‌కు ఇంకో ముఖ్యమైన అవసరం ఉంది, దాన్ని మరిచిపోతే అది చచ్చిపోతుంది కాబట్టి నిదానంగా చెబుతాను. చాలా జంతువులు విటమిన్ సి ని ఒంట్లోనే తయారు చేసుకుంటాయి, కుందేలు కూడా. గినీ పిగ్ చేసుకోలేదు, మనుషులు చేసుకోలేనట్టే. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు పరిశోధకులు గినీ పిగ్‌లకు ధాన్యం మాత్రమే పెట్టి చూస్తే వాటికి స్కర్వీ, అంటే విటమిన్ సి లోపం వల్ల వచ్చే జబ్బు, వచ్చింది. మనుషుల జబ్బు జంతువులో కనిపించడమే తర్వాత విటమిన్ సి ని కనిపెట్టడానికి దారి వేసింది. మన ఇంటి గినీ పిగ్‌కు పెద్దదైతే రోజుకు సుమారు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి, చూలుదైతే ఇంకాస్త ఎక్కువ. రోజూ ఒక క్యాప్సికం ముక్క, కొంచెం కొత్తిమీర, పెల్లెట్లతో ఇది చాలామటుకు తీరుతుంది. నీళ్లలో విటమిన్ చుక్కలు కలపడం మీద ఆధారపడకండి. వెలుతురుకు, గాలికి అది తొందరగా పాడైపోతుంది, నీటి రుచి మారితే తాగడమూ తగ్గిస్తాయి. గినీ పిగ్ పెల్లెట్లలో కూడా నిల్వ ఉన్నకొద్దీ విటమిన్ తగ్గుతుంది, చిన్న సంచులే కొనండి. కుందేలు పెల్లెట్లు గినీ పిగ్‌కు సరిపోనిది ఇందుకే. కీళ్లు నొప్పిగా ఉన్నట్టు కదలకుండా మూల కూర్చోవడం, బొచ్చు గరుకుబారడం, పట్టుకుంటే అరవడం స్కర్వీ గుర్తులు కావచ్చు.

డాక్టర్ ఉన్నారా?

జంతువుకు ముందు డాక్టర్‌ను వెతకండి. కుక్కలు, పిల్లులు చూసే డాక్టర్లందరికీ ఈ చిన్న జంతువులతో అనుభవం ఉండదు. ఫోన్ చేసి సూటిగా అడగండి: కుందేళ్లు, గినీ పిగ్‌లు చూస్తారా, వాటికి మత్తు ఇచ్చి ఆపరేషన్లు చేశారా అని. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ మందులు ఈ రెండింటి పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చంపి ప్రాణం తీస్తాయి. పిల్లల యాంటీబయాటిక్ మందు సీసాలోంచి రెండు చుక్కలు పోసే పొరబాటు ఎవరూ చేయకూడదు. కుక్కల ఒంటి మీది పిడుదులు, పేలకు వాడే ఫిప్రోనిల్ అనే మందు కుందేలుకు వాడకూడదు.

జబ్బును దాచుకోవడం వేటకు దొరికే జంతువుల లక్షణం. కాబట్టి మనమే కనిపెట్టాలి. కుందేలు గానీ గినీ పిగ్ గానీ పది పన్నెండు గంటలు ఏమీ తినకపోతే, పెంటికలు చిన్నవైపోతే లేదా ఆగిపోతే, రేపు చూద్దాం అనుకోకుండా అప్పుడే తీసుకెళ్లండి. ఎండ కూడా ఇలాంటిదే. వాటికి మనలా చెమట పట్టదు. 27, 28 డిగ్రీలు దాటితే కష్టపడతాయి. నేల చల్లగా ఉన్న గది, గుడ్డలో చుట్టిన ఐస్ సీసా, ఎప్పుడూ నీళ్లు ఉండాలి.

మన వైపు నుంచి చూస్తే: గజ్జి పురుగులు, తామర ఈ జంతువుల నుంచి మనుషులకు అంటుకోవచ్చు, పట్టుకున్నాక చేతులు కడగాలి. ఎలర్జీ, ఉబ్బసం ఉన్న పిల్లలైతే ముందుగా ఇవి పెంచే ఇంట్లో రెండు మూడుసార్లు గడిపి చూడండి. జంతువు పడినా ఎండుగడ్డి దుమ్ము పడకపోవచ్చు.

నా సలహా

అయిదేళ్లలోపు పిల్లల కోసమైతే ఏదీ వద్దు. పెద్దవాళ్లకే ఇష్టమై తెచ్చుకుంటే అది వేరు, అప్పుడు పిల్లలు చూస్తారు, మీరు పట్టుకుంటారు. ఆరు నుంచి పది పన్నెండేళ్ల పిల్లలున్న చాలా ఇళ్లకు నేను చెప్పేది రెండు ఆడ గినీ పిగ్‌లు, నున్నటి పొట్టి బొచ్చువి. పొడవు బొచ్చు పెరూవియన్ రకాలను రోజూ దువ్వాలి, పిల్లల వల్ల కాదు. కుందేళ్లు ఎప్పుడంటే, ఒక గదో గదిలో సగమో వాటికి వదిలేయగలిగినప్పుడు, ఇంట్లో ఒక పెద్ద మనిషికి కుందేలంటే నిజంగా ప్రేమ ఉన్నప్పుడు, పిల్లలు చూసి ఆనందించే రకం అయినప్పుడు. పిల్లవాడు తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు పట్టుబట్టినా సరే, ఈ మూడూ లేకుండా తేకండి.

కుందేలే అనుకుంటే పొట్టి రకాలే పిల్లలకు మంచివని భ్రమపడకండి. కిలో బరువుండే నెదర్లాండ్ డ్వార్ఫ్ చాలాసార్లు బెదురు రకం. కాస్త పెద్దవి నిదానంగా ఉంటాయి, పిల్లలు ఎత్తలేకపోవడం కూడా మేలే. ముఖం బాగా చదునుగా ఉన్నవాటికి చాలాసార్లు పళ్లు సరిగ్గా కలవవు. పెద్దయినవాటిని దత్తత తీసుకునే వీలుంటే చూడండి, వాటి స్వభావం అప్పటికే తేలి ఉంటుంది. ఏదైనా సరే, కళ్లు మెరుస్తున్నాయా, ముక్కు పొడిగా ఉందా, వెనక భాగం శుభ్రంగా ఉందా, ముందు పళ్లు కలుస్తున్నాయా చూడండి. ముందు పాదాల లోపలి బొచ్చు అట్టకట్టి ఉంటే కారే ముక్కును తుడుచుకుంటోందని అర్థం.

తెచ్చిన మొదటి రెండు మూడు రోజులు ఎవరూ ముట్టుకోకూడదు. గడ్డి, నీళ్లు, దాక్కోవడానికి రెండు ద్వారాలున్న అట్టపెట్టెలు రెండు పెట్టి పక్కన కూర్చోండి చాలు. తర్వాత పిల్లలకు ఒక పని అప్పగించండి, నేనైతే తూకం అప్పగిస్తాను. వంటింటి తూకం మీద గిన్నె పెట్టి, వారానికోసారి ఒక్కో గినీ పిగ్‌ను తూచి, తేదీతో నోటుపుస్తకంలో రాయడం. దించేటప్పుడు పెద్దవాళ్ల చెయ్యి కింద ఉండాలి. వారంలో 50 గ్రాములకు పైగా తగ్గితే పుస్తకం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మా ఇంట్లో ఒకసారి పంటి నొప్పిని మాకంటే ముందు ఆ నోటుపుస్తకమే కనిపెట్టింది.